చింతచెట్టు కింద నన్ను వెలివేసిన సంఘం

ఆ రోజుల్లో నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, ఇరవైమూడేళ్ళ వాడికి ప్రపంచాన్ని సరిదిద్దే అర్హత తనకొక్కడికే ఉందనిపించేది. దానికి తోడు పెట్టెలో ఎం.ఏ. ఇంగ్లీషు పట్టా, చంకలో పాత ఆంగ్ల కవుల సంకలనం కూడా ఉంటే ఇక చెప్పవలసిందేముంది? నేను చెప్పబోయేది 1979 సంగతి. మా చెల్లెలు 1978 అంటుంది. ఆమె జ్ఞాపకశక్తి మీద నాకు గౌరవమే గాని నమ్మకం లేదు (నా జ్ఞాపకశక్తి మీద కూడా లేదు, అందుకే పెద్దగా మోసపోకుండా ఇన్నేళ్ళు గడిపాను). నంద్యాలలో ఒక ప్రైవేటు కళాశాలలో నేను ట్యూటరుగా చేరింది 1978 జూలైలో అని నియామకపు ఉత్తర్వు చెబుతోంది. ఈ ఉదంతం నాటికి నేను ఉద్యోగంలో ఉన్నాను, చెట్టు మీద చింతపండు ఉంది. మా ప్రాంతంలో చింతకాయ పండాలంటే మరుసటి ఏడు ఫిబ్రవరి రాక తప్పదు. కనుక 1979. ఈ తర్కమంతా విని మా చెల్లెలు, "అయితే ఏందిలేన్నా" అన్నది. చరిత్ర పట్ల మన వాళ్ళకున్న శ్రద్ధ అంతమాత్రమే.

చంకలోని సంకలనం గురించి రెండు మాటలు చెప్పాలి. అందులోని కవులు ఇంచుమించు రెండు శతాబ్దాల కిందటి వారు. పసివాడు పుట్టుకతోనే దేవుడికి దగ్గరగా ఉంటాడనీ, మతం పేరిట పెద్దలు నియమాలు, భయాలు, వరుసలు, శిక్షలు నేర్పే కొద్దీ ఆ దగ్గరితనం కరిగిపోతుందనీ, పోయిన ఆ బాల్యం మళ్ళీ చేతికి రాదనీ వారిలో పలువురి బాధ. ఆ బాధ నాకు అంటుకుంది. అంటుకోవడానికి కారణం కూడా ఉంది. నేను ఆళ్ళగడ్డలో ఒక చర్చి పెద్దకు కొడుకును. నా బాల్యంలో ఆదివారమంటే కొబ్బరినూనె కారే తల, ఇస్త్రీ మడత నలగకూడని నిక్కరు, తప్పు లేకుండా అప్పజెప్పవలసిన కంఠత వాక్యం, అప్పజెప్పేటప్పుడు నాయన ముఖంలో కదిలే కనుబొమలు. నా పవిత్రతను ఎవరు ఎక్కడ పోగొట్టారో కవులు చెప్పాక గాని నాకు తెలియలేదు. తెలిసిన తరువాత ఊరుకోలేకపోయాను. ప్రతి శనివారం సాయంత్రం నంద్యాలలో బస్సెక్కి ఇంటికి వెళ్ళడం, ఆదివారం ఆరాధనలో నాయన పక్కన కూర్చుని లోలోపల తిరుగుబాటు చేయడం, మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావడం నా వారపు కార్యక్రమమైంది.

లోపలి తిరుగుబాటు బయటపడడానికి ఒక చిల్ల కారణమైంది. మా చర్చి పక్కన కొంత ఖాళీ జాగా, దాని మధ్యలో చింతచెట్టు ఉండేవి. పిల్లలు అక్కడ చిల్లాకట్టె (కోస్తా వాళ్ళ బిళ్ళంగోడు) ఆడేవారు. ఒక ఆదివారం పాస్టరు గారు (సంఘమంతా ఆయనను అయ్యగారు అని పిలిచేది) కళ్ళు మూసుకుని దీర్ఘంగా ప్రార్థిస్తుండగా, వేలెడు పొడవున్న కట్టెముక్క, అదే చిల్ల, కిటికీలోంచి వచ్చి ప్రసంగపీఠం మీద ఆయన గడియారం పక్కన పడింది. అయ్యగారు కళ్ళు తెరవకుండానే ఆమేన్ చెప్పారు, తరువాత కళ్ళు తెరిచి చిల్లను చూశారు, చిల్లను జేబులో వేసుకున్నారు. ఆ నెమ్మదితనమే నన్ను భయపెట్టింది. మరుసటి వారానికి నాయన చేనిగట్టు నుంచి బండెడు తుమ్మకంప తెచ్చి చర్చి గోడవార దించాడు. జాగా చుట్టూ కంచె, కంచెకు తలుపు, తలుపుకు బీగం అని సంఘపెద్దలు నిర్ణయించారట.

ఆరాధన ముగిశాక పెద్దలు కూర్చున్నచోటికి వెళ్ళి నేను నిలబడ్డాను. ఉపన్యాసం ఇచ్చాను. బాల్యమే అసలైన దేవాలయమనీ, దానికి ముళ్ళు చుట్టే హక్కు ఏ సంస్థకూ లేదనీ, ఆంగ్ల కవులను సాక్షులుగా పిలిచి గంభీరమైన గ్రాంథికంలో వాదించాను. నాయన ముఖం వాల్చి చాప అల్లిక పరిశీలించసాగాడు. అయ్యగారు అంతా విని, పొడుం డబ్బీ మూత మీద వేలితో తట్టి, అడిగారు.

"బాగనే చెప్తాండావు గాని, ఆ కవులలో ఎవురన్నా సండే స్కూలు నడిపినారా అప్పా?"

"అది ప్రశ్న కాదండీ," అన్నాను.

"నాకు అదే ప్రశ్న. నలభై మంది పిల్లోల్లు, ఒక్క గంట, ఒక్క చింతచెట్టు. నడిపినోడు చెప్తే వింటా."

"వాడు నంద్యాల నీళ్ళు తాగొచ్చినాడు లేయ్యగారూ," అన్నాడు నాయన, చాప మీంచి చూపు ఎత్తకుండా. "రొన్నాళ్ళు పోతే దిగిపోతాది."

పెద్దలు నవ్వారు. ఆ నవ్వు తట్టుకోలేక, పిల్లలను నాకు అప్పగించమని సవాలు చేశాను. వేసవి సెలవులకు ముందు వచ్చే బాలల ఆదివారం దాకా సండే స్కూలు నేను నడుపుతాను. పాఠం ఉండదు, కంఠత వాక్యం ఉండదు, గంట ఉండదు, బెత్తం ఉండదు. ఆ రోజున పిల్లలు సంఘం ముందు నిలబడి ఎవరూ నేర్పని తమ మనసులోని మాట చెబుతారు. అది విన్నాక కూడా కంచె కావాలనిపిస్తే వేసుకోండి అన్నాను.

"అట్లనే," అన్నారు అయ్యగారు, జేబులోంచి చిల్ల తీసి చాప మీద పెట్టి. "ఓడిపోతే మొదటి గుంజ నువ్వే పాతల్ల. గెలిస్తే ఇది నీ చేత్తోనే పిల్లోల్లకు ఇచ్చేయి. అంతవరకు కంప ఆడనే ఉంటాది."

మరుసటి ఆదివారం చింతచెట్టు కింద పిల్లలను కూర్చోబెట్టి (కాదు, కూర్చోబెట్టలేదు, ఎవరికి ఎలా ఇష్టమైతే అలా ఉండమన్నాను), ఇవాళ్టి నుంచి మీకు పూర్తి స్వేచ్ఛ అని ప్రకటించాను. నలభై జతల కళ్ళు అనుమానంగా నన్ను చూశాయి. వాళ్ళలో తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె ఉండేది. ఆమె నడకను, నడుము మీద చేతిని చూసి ఊరు ఆమెకు కలెక్టరమ్మ అని పేరు పెట్టింది. ఆమె ముందుకొచ్చింది.

"కంఠత వాక్యం లేదాన్నా?"

"లేదు."

"వరసలో కూచునేది?"

"లేదు."

"మరి మేమేం చేయల్ల?"

"మీ మనసుకు ఏది తోస్తే అది."

వెనకనుంచి ఒక పిల్లవాడు జాలిగా, "ఇంగ్లీషన్నకు ఒంట్లో బాగలేదేమోమే, గమ్మునుండు," అన్నాడు. (ఇంగ్లీషన్న అనే పేరు నాకు ఆ క్షణంలోనే పుట్టింది, ఆళ్ళగడ్డలో ఇంకా చావలేదు.) నేను నవ్వి, పర్యవేక్షణ కూడా ఒక సంకెలే అనే సిద్ధాంతం మీద, దూరంగా మందిరం అరుగు మీదికి వెళ్ళి కవిత్వం తెరిచాను. చెట్టు కింద మొదట కేకలు వినిపించాయి. అది స్వేచ్ఛ అనుకుని సంతోషించాను. తరువాత రాళ్ళు దొర్లించే చప్పుడు. అది సృజన అనుకుని మరింత సంతోషించాను. ఆ తరువాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. పిల్లలున్నచోట అంత నిశ్శబ్దం మంచిది కాదని కవులు రాయలేదు గాని, నాకే అనుమానం వచ్చింది. తలెత్తి చూశాను.

చింతచెట్టు కింద చర్చి వెలిసింది. రాళ్ళు, పెంకుముక్కలు పేర్చి గోడలు గీశారు. ఒక పక్క ఆడపిల్లలు తలల మీద ఓణీలు, తువ్వాళ్ళు కప్పుకుని, మరోపక్క మగపిల్లలు చేతులు కట్టుకుని, మా పెద్దల మందిరంలో కూడా కనిపించనంత తిన్నని వరుసల్లో కూర్చున్నారు. పాత నాగటికర్రు ముక్క ఒకటి కొమ్మకు వేలాడుతోంది, అది గంట. కలెక్టరమ్మ పెద్ద రాయి వెనక నిలబడింది. అది పీఠం, ఆమె అయ్యగారు. పిల్లల్లోంచే ముగ్గురు పెద్దలు ఎన్నికయ్యారు. అన్నిటినీ మించి, ఈ సమస్తానికీ చుట్టూ, మా నాయన దించిన తుమ్మకంపలోంచి లాక్కొచ్చిన కొమ్మలతో, నేను ఏ కంచెను ఆపడానికి పరువు పణంగా పెట్టానో ఆ కంచె, చక్కగా, దట్టంగా వేసి ఉంది.

నేను పరుగెత్తాను. కంచె బయట, ఎప్పుడు చూసినా నోట్లో చింతకాయ ఉండే ఐదేళ్ళ బుడ్డోడు (వాడి పేరే చింతకాయ) కూర్చుని వెక్కుతున్నాడు.

"వీడెందుకు బయటున్నాడు?"

"ప్రార్థనలో నవ్వినాడు. సంఘంలోంచి తీసేసినాము," అంది కలెక్టరమ్మ.

"ఎవరూ ఎవరినీ తీసేయకూడదు. ఇక్కడ పెద్దలు లేరు, గంట లేదు, కంచె లేదు. మీరు స్వేచ్ఛగా..."

"అన్నా, నువ్వు సంఘంలో లేవు గదా. మాట్లాడాలంటే చెయ్యెత్తల్ల."

మూడువందల మంది విద్యార్థులకు వ్యాకరణం చెప్పే నేను, ఏ అలవాటు వల్లనో, చెయ్యెత్తాను. ఆమె ముగ్గురు పెద్దల వైపు చూసింది. వాళ్ళు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. "కూచో," అంది. అంతలో బస్సు వేళయింది. పిల్లల పాట వెనక నుంచి వినిపిస్తుండగా నేను ఓడిన సేనాపతిలా బస్టాండుకు నడిచాను.

తరువాతి ఆదివారాలు మరీ అన్యాయంగా గడిచాయి. స్వేచ్ఛ పెరిగేకొద్దీ నియమాలు పెరిగాయి. ఆరాధన అయిందాకా చింతకాయ ముట్టరాదన్నది ఒక నియమం. అది నిషిద్ధ ఫలమట. ఆలస్యంగా వచ్చినవాడు మోకాళ్ళ మీద నడిచి రావాలన్నది ఒకటి. ప్రతి వారం ఎవరో ఒకరు బయటికి పోతారు, ఏడుస్తారు. అది చూసి నా మనసు విరిగి నేను బస్సుకు పోతాను. ఒక వారం బయటికి పంపింది నన్నే. నేరం: ప్రార్థన వేళ కతల పుస్తకం చదవడం. (అవి కతలు కావు, కవితలు అన్నాను. తీర్పు మారలేదు.) నంద్యాల స్టాఫ్‌రూములో ఈ గోడు లెక్కల లెక్చరరు ముందు వెళ్ళబోసుకుంటే, ఆయన సుద్దముక్కతో బల్లమీద సున్నా చుట్టి, "ప్రయోగం చేసినావు, ఫలితం వచ్చింది. ఇంక సిద్ధాంతం మార్చుకో, మా ప్రాణాలు తీయొద్దు," అన్నాడు. అంకెలనూ తేదీలనూ తప్ప దేన్నీ నమ్మకూడదన్న నా జీవిత నియమానికి ఆ సున్నాయే పునాదిరాయి. ఆ రాయి ఎంత తొందరపడి వేసుకున్నానో తరువాత తెలిసింది.

బాలల ఆదివారం రానే వచ్చింది. సోమవారానికి సెలవు పెట్టి వెళ్ళాను, ఎందుకంటే గుంజ పాతడానికి మధ్యాహ్నం బస్సు అడ్డు రాకూడదు. చర్చి కిక్కిరిసింది. గుంజలు, గునపం, బీగంతో సహా, వాకిట సిద్ధంగా ఉన్నాయి. నాయన మొదటి వరుసలో కూర్చుని నావైపు చూడడం లేదు. అయ్యగారు లేచి, "ఈ దినం మన పిల్లోల్లు ఎవురూ నేర్పని మాట చెప్తారంట," అని పీఠం వదిలి పక్కకు కూర్చున్నారు. నేను పిల్లలకు ఏమీ నేర్పలేదన్నది అక్షరాలా నిజం.

పిల్లలు వరుసగా వచ్చారు. కలెక్టరమ్మ పీఠమెక్కింది (కింద పీటవేసుకున్నా తల మాత్రమే కనిపించింది). మణికట్టుకు కట్టుకున్న చింతగింజల గొలుసు విప్పి, చెవిదగ్గర పెట్టుకుని విని, కీ ఇచ్చినట్టు తిప్పి, ఎదురుగా పెట్టింది. ఆ తరువాత దానివైపు చూడనేలేదు. సంఘంలో ఎక్కడో ఒక దగ్గు వినిపించింది. అయ్యగారు ప్రతి ఆదివారం తన గడియారంతో చేసేది అచ్చంగా అదే. గొంతు సవరించి ఆమె, "చివరిగా ఒక్క మాట," అని మొదలుపెట్టింది. కాసేపటికి, "ముగించే ముందు చివరిగా ఒక్క మాట," అంది. మరికాసేపటికి, "ఇంక ఒకే ఒక్క చివరి మాట," అంది. పెద్దల స్థానంలో ఒక పిల్లవాడు కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి గురక తీస్తూ, ఉన్నట్టుండి ఉలిక్కిపడి లేచి, సందర్భం లేకుండా "ఆమేన్!" అని అరిచి మళ్ళీ నిద్రపోయాడు. అది మా నాయన. చర్చిలో ఉన్న ప్రతి ఒక్కరికీ అది మా నాయన అని తెలుసు, ఒక్క మా నాయనకు తప్ప. ఆయన, "ఎవురబ్బా అది?" అని పక్కవాణ్ణి అడిగాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వకూడని చోట నవ్వు ఆపుకునే రెండువందల మంది ఊపిరి ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను. అయ్యగారి ముఖంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. వాకిట్లోని గుంజల వైపు చూశాను. అప్పుడు ఆడవాళ్ళ వరుసల్లోంచి ఒక సన్నని ఈల లాంటి శబ్దం బయలుదేరింది. అయ్యగారి భార్య. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆమె నవ్వితే ఇక నవ్వవచ్చునని సంఘం తీర్మానించుకుంది. పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి.

కలెక్టరమ్మ నవ్వలేదు. ఆమె ఆట ఆడడం లేదు, ఆరాధన చేస్తోంది. నవ్వులు తగ్గేదాకా ఆగి, "ష్," అని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, మా అయ్యగారికి మోకాళ్ళనొప్పులు తగ్గించు. ఆయన కంప వేస్తాండాడు, చేతికి ముల్లు గుచ్చుకోకుండా చూడు. చిల్ల కొట్టింది ఎవురో నీకు తెలుసు, చెప్పొద్దు. ఈ వారం చింతకాయను బయటికి పంపినాము, వాడు బాగా ఏడ్చినాడు, చాలు. లోపలికి పిలుస్తాండాము."

వాకిటి తలుపు దగ్గర కూర్చున్న చింతకాయ లేచాడు. పిల్లలందరూ ఒక్కసారిగా లేచి చప్పట్లు కొడుతూ పాటెత్తుకున్నారు. వాడు రెండు వరుసల మధ్య నుంచి, బుగ్గలో చింతకాయతో, పెళ్ళికొడుకులా నడిచి వచ్చాడు. ఒక్కొక్కరూ వాడి తల నిమిరారు. నా వెనక నుంచి వినిపించే పాట ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ప్రతి ఆదివారం నేను బస్సుకు పోయాక జరిగింది ఇదే. బయటికి పంపడం వాళ్ళకు ముఖ్యం కాదు. లోపలికి పిలుచుకోవడం కోసం ఒకరు బయట ఉండాలి గనుక పంపేవారు. బయటికి పోవడానికి పిల్లలు వంతులు వేసుకునేవారని కూడా తరువాత విన్నాను. ఏడుపు కూడా వంతులో భాగమేనట.

"ఇంకొకరున్నారు ప్రభువా," అంది కలెక్టరమ్మ, కళ్ళు మూసుకునే. "ఇంగ్లీషన్న. ఆయనను తీసేసి శానా దినాలయింది. పిలుస్తామంటే బస్సుకు పోతాండె. ఈ దినం ఉన్నాడు. కతల పుస్తకం ఆడ పెట్టి లోపలికి రావల్ల."

సంఘమంతా తిరిగి నన్ను చూసింది. నాయన కూడా చూశాడు. పుస్తకం గూట్లో పెట్టి, వరుసల మధ్య నుంచి నడిచి వెళ్ళాను. నలభై చిన్న చేతులు నా తలకు అందక, చొక్కా అంచులు నిమిరాయి. పిల్లలకు తెలిసినది పెద్దలు మరిచిపోతారని రాసిన కవులు నూటికి నూరుపాళ్ళు సరైనవారని ఆ రోజు నాకు రుజువైంది. వారు పొరబడినది ఒక్కచోటే. మరిచిపోయిన పెద్దవాడు చర్చిలోనే ఉంటాడనుకున్నారు. వాడు కవిత్వం పుస్తకం పట్టుకుని బస్సులో కూడా ఉండగలడు.

ఆరాధన అయ్యాక అయ్యగారు చింతచెట్టు దగ్గరికి వెళ్ళి పిల్లల కంచె చుట్టూ తిరిగి చూశారు. ఒకచోట మనిషి పట్టేంత సందు వదిలారు. దానికి తలుపు లేదు. చాలాసేపు ఆ సందులో నిలబడి, "సగం కంప వీల్లే మింగినారు గదప్పా. ఇంక నేనేం వేసేది," అన్నారు. తరువాత, "ఇది సాలు. బీగం వద్దులే."

"అయితే నేను గెలిచినట్లేనా అయ్యగారూ?"

"నువ్వా?" అని ఆయన నన్ను ఎగాదిగా చూసి, చిల్ల నా చేతిలో పెట్టారు. "గెలిచింది ఆ పిల్ల. ఇది ఆయమ్మకు ఇచ్చేసి రా. వచ్చేటప్పుడు సుత్తి, మేకులు ఎత్తుకొనిరా. ఆ కిటికీకి జాలీ కొట్టాల. ప్రార్థనలో నాకు కన్ను గావల్ల."

గుంజ పాతవలసిన చేతులతో ఆ సాయంత్రం జాలీకి మేకులు కొట్టాను. నాయన నిచ్చెన పట్టుకున్నాడు. "నేను నిద్రపోయేది నిజంగా అట్లనే ఉంటాదా?" అని ఒక్కటే అడిగాడు. ఉంటుందన్నాను. "ఆమేన్ మాత్రం నేను అంత గట్టిగా అనను," అన్నాడు. ఈ విషయంలో లిఖితపూర్వకమైన ఆధారాలేవీ లేవు గనుక నేను వాదించలేదు.

చింతచెట్టు 1986లో గాలివానకు కూలింది (ఈ తేదీ మీద మా చెల్లెలికి కూడా అభ్యంతరం లేదు). నేను నంద్యాలలోనే పదవీవిరమణ చేశాను. ఇప్పుడు ఇక్కడి మా చర్చిలో పెద్దను. గేటు బీగంచెవి నా జేబులో ఉంటుంది. ఎవరిచ్చారో, నేనెందుకు పుచ్చుకున్నానో గుర్తులేదు. మొన్న ఆదివారం ఆవరణలో పిల్లలు ఆడుతుంటే బంతి కిటికీలోంచి వచ్చి లోపలున్న నా భుజానికి తగిలింది. "ష్" అంటూ బయటికి వచ్చి, అనేక సంవత్సరాల అనుభవంతో కూడిన ఒక వాక్యం ప్రారంభించాను. ఆరేళ్ళ పిల్ల ఒకతె నడుము మీద చేయి వేసుకుని ఎదురొచ్చింది.

"తాతా, నువ్వు ఆటలో లేవు గదా?"

జేబులో బీగంచెవి చల్లగా తగిలింది. దాన్ని వదిలేసి చెయ్యెత్తాను. పిల్లలు తలలు దగ్గర పెట్టి చాలాసేపు మాట్లాడుకున్నారు. తీర్పు ఏమవుతుందో అప్పటికి తెలియదు గాని, ఈసారి నాకు బస్సు లేదు.